నలభై అయిదో రోజు

పెన్ను పులుసులో పడింది. పడడమేమిటి, పడేసింది! ఎనభై నాలుగేళ్ల డెయోలిండా, కొడుకు అందించిన పెన్నును ఎగాదిగా చూసి, పొయ్యి దగ్గరికి నడిచి, మూత తీసి, పొద్దుట నుంచి ఉడుకుతున్న గొడ్డుమాంసం పులుసులో దాన్ని వదిలేసి, మళ్లీ మూత పెట్టింది.

"ఇప్పుడు పెట్టించుకో సంతకం," అంది.

జెర్మానో ఒక్క అంగలో పొయ్యి దగ్గరికి వచ్చాడు. అరవయ్యేళ్ల మనిషి. మొడెస్టో పట్నంలో ఇళ్లూ స్థలాలూ అమ్మిపెట్టే వ్యాపారం. నోరే అతని పెట్టుబడి.

"అమ్మా, అది ఇరవై డాలర్ల పెన్ను," అన్నాడు.

"పులుసు నలభై డాలర్లు. ఎవరికి ఎక్కువ నష్టం?"

కూతురు ఒడీలియా సింకు దగ్గర పుదీనా కడుగుతోంది. నవ్వొచ్చింది గాని, ఇవాళ నవ్వే రోజు కాదు. ఇవాళ నలభై అయిదో రోజు. వంటింటి బల్ల మీద ఆ కాగితం పొద్దున్న తొమ్మిది నుంచి పడి ఉంది. అడుగున సంతకం గీత ఖాళీగా ఉంది. ఆ గీత మీద అమ్మ పేరు పడకపోతే, ఇరవై రెండేళ్లుగా తను కౌలుకి చేస్తున్న అక్రోటు తోట రేపటికి పరాయివాళ్ల పాలవుతుంది. ఈ యాభై ఏడేళ్ల వయసులో, మొగుడితో తెగతెంపులయ్యాక తనకంటూ మిగిలిందల్లా ఆ చెట్లే.

"ఒసే ఒడీలియా, ఇటు రా. ఈ ముక్క నువ్వొకసారి చదివి పెట్టు. నా కళ్లజోడుకి తప్పుగా కనపడుతోందేమో," అంది డెయోలిండా.

ఆమె చేతిలో ఉన్నది సంతకం పెట్టాల్సిన కాగితం కాదు. దాని వెనక క్లిప్పుకి అంటుకుని వచ్చిన ఇంకో కాగితం. జెర్మానో ఆడిటరు రాసిచ్చింది. జెర్మానో పొద్దున్నే కవరు తెచ్చి బల్ల మీద పెట్టి, ఫోను కార్లో మర్చిపోయానని వెళ్లాడు. వెళ్లి రావడానికి మూడు నిమిషాలు పట్టింది. చర్చి నుంచి అప్పుడే వచ్చి, తలమీద నల్ల ముసుగు ఇంకా తియ్యని తల్లికి ఆ మూడు నిమిషాలు చాలాయి.

"నేను చదవనమ్మా."

"అయితే నేనే చదువుతాను, ఆగు. 'యజమాని మరణించేవరకు ఆస్తిని అమ్మకుండా ఉంచుకున్నట్లయితే వాయిదా పడిన పన్ను పూర్తిగా పోతుంది. వారసులకు బాకీ ఉండదు.' అబ్బో, శుభం! పక్కన గడిలో ఏం వేశాడో చూడు. 'అంచనా కాలం: నాలుగు నుంచి ఏడేళ్లు.' ఒరే జెర్మానో, నాలుగా, ఏడా? తేల్చి చెప్పండి. దాన్ని బట్టి దుప్పట్లు కొనుక్కుంటాను."

"అది లెక్కలవాళ్ల భాషమ్మా! అందరికీ అలాగే రాస్తారు."

"అందరికీ అంటే? నీకూ రాశాడా? నీ గడిలో ఎన్నేళ్లు వేశాడు?"

జెర్మానో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చిన్నపిల్లకి నచ్చజెప్పే గొంతు తెచ్చుకున్నాడు. ఆ గొంతు వింటే ఒడీలియాకి చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట.

"చూడమ్మా. గోదాములవాళ్లకి అమ్మిన నీ నలభై ఎకరాల డబ్బు నీ చేతికి రాకూడదు. మధ్యలో ఉన్న ఆ కంపెనీ దగ్గరే ఉండాలి. అమ్మిన నాటి నుంచి నలభై అయిదు రోజుల్లోగా, దాని బదులు ఏం కొనబోతున్నామో రాసి, నువ్వు సంతకం పెట్టి పంపాలి. మూడు పేర్లకి మించకూడదు. ఆర్నెల్లలోపు వాటిలోంచే కొనాలి. అలా చేస్తే ఆరున్నర లక్షల పన్ను ఇప్పుడు కట్టక్కర్లేదు. వాయిదా పడుతుంది. ఇంతే కదా!"

"ఎందాకా వాయిదా?"

జెర్మానో బల్ల మీది కవరు సర్దడం మొదలుపెట్టాడు.

"అడుగుతున్నాను కదరా. ఎందాకా?"

"ఎందాకైనా అమ్మా."

"ఎందాకైనా కాదు. నన్ను గోతిలో దించేదాకా. అచ్చు గుద్ది మరీ ఇచ్చాడుగా మీ ఆడిటరు!" డెయోలిండా కాగితాన్ని బల్ల మీద అరిచేత్తో కొట్టింది. "ఆ నలభై ఎకరాలు మొదట ఎవరు కొన్నార్రా?"

"నువ్వే."

"ఏ డబ్బుతో?"

"పీచ్ పళ్ల ఫ్యాక్టరీ డబ్బుతో," అన్నాడు జెర్మానో, పాఠం అప్పజెప్పినట్టు.

"మీ నాన్న పోయినప్పుడు నీకు ఇరవై, దీనికి పదిహేడు. పంతొమ్మిదేళ్లు ఆ బెల్టు ముందు నిలబడి పిక్కలు ఏరాను. వేళ్ల సందుల్లో చర్మం ఊడిపోయేది. చక్కెర దుంపలు వేసుకునేవాడికి కౌలుకిచ్చి, తొంభై అయిదు వేలకి కొన్న ఆ నేలని ముప్ఫై ఏళ్లకి పైగా కాపాడాను. ఇప్పుడు గోదాములవాళ్లు ఇరవై ఒక్క లక్షలిచ్చారు. నా కంటికి ఒక్క డాలరు కనిపించిందా? వచ్చే ఆదివారం పరిశుద్ధాత్మ పండగ. ఊరందరికీ విందు వండే మన సంఘం హాలువాళ్లకి ఆవునిస్తానని మొక్కుకున్నాను. ఆవుకి డబ్బు తియ్యరా అంటే ముట్టుకోకూడదంటావు!"

"ముట్టుకుంటే మొత్తం చెడుతుందమ్మా! ఆవుని నేను కొనిస్తానని చెప్పాగా!"

"మొక్కు నాది, ఆవు నీదా? దేవుడికి కూడా దొంగలెక్క చెప్పమంటావా?" ఆమె పొద్దుట నుంచి తియ్యని ముసుగు తీసి కుర్చీ మీద పడేసింది. "అక్కర్లేదు. పన్ను కట్టేద్దాం."

ఒడీలియా చేతిలో పుదీనా కట్ట సింకులో జారిపోయింది.

"కట్టేద్దామా?" అన్నాడు జెర్మానో.

"ఆ, కట్టేద్దాం. సర్కారువాడు నేనెప్పుడు పోతానా అని కాచుకుని కూర్చోలేదు. ఏప్రిల్లో కట్టమంటాడు, తీసుకుంటాడు, తన దారిన పోతాడు. మీ ఇద్దరికంటే మర్యాదస్తుడు."

అంత మాట అనేసి కుట్టుమిషను గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. లోపల గొళ్లెం పడ్డ చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

ఒడీలియా లెక్క వేసుకుంది. పన్ను కట్టేస్తే మిగిలేది పద్నాలుగున్నర లక్షలు. తోట ధర పంతొమ్మిది లక్షలు. మిగతాది ఏ బ్యాంకూ ఇవ్వదు. తోట సొంతదారులు ఆవిలావాళ్లు. ముసలాయన పోయాక పిల్లలు అమ్మకానికి పెట్టారు. సోమవారం పొద్దుటికల్లా కొంటున్నట్టు కాగితం చూపించకపోతే నర్సరీవాళ్లకి ఇచ్చేస్తామన్నారు. నర్సరీవాళ్లు వచ్చారంటే చెట్లన్నీ వేళ్లతో సహా పీకించేస్తారు.

"చూశావా నీ నిర్వాకం?" అంది అన్నని. "ఆ కాగితం ఇంటికి తేవాలా? తెచ్చావే అనుకో, బల్ల మీద వదిలి వెళ్లాలా?"

"నన్నంటావేం? ఫోను మర్చిపోవడం నేరమా?"

"నీ నోరు ఎక్కడా మర్చిపోవు కదా, అదొక్కటీ మర్చిపోతే బావుండేది."

అప్పుడే ఇంటి ఫోను మోగింది. ఒడీలియా తీసింది. మధ్యలో డబ్బు పెట్టుకున్న కంపెనీ నుంచి లొరేన్ అనే ఆవిడ. నెమ్మదస్తురాలు. ఇంకా జాబితా అందలేదేమని అడిగింది.

"ఇవాళ ఆదివారం కదండీ," అంది ఒడీలియా, ఏ మూలో చిన్న ఆశతో. "రేపు పొద్దున్నే పంపితే?"

"ఆదివారమైనా పండగైనా అదీ లెక్కలోదేనమ్మా. నలభై అయిదో రోజంటే నలభై అయిదో రోజే. అర్ధరాత్రి పన్నెండులోపు మీ అమ్మగారి సంతకంతో ఈమెయిల్లో రావాలి. ఒంటిగంటకి వస్తే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు," అంది లొరేన్. "ఇంకోమాట. పంపేముందు సర్వే నంబర్లు ఒకసారి సరిచూసుకోండి. ఇవాళ ఎన్నిసార్లు దిద్దుకున్నా పర్లేదు. రేపు ఒక్క అంకె కూడా దిద్దడానికి వీల్లేదు."

ఫోను పెట్టేసి ఒడీలియా బల్ల మీది జాబితా అందుకుంది. పోయిన వారం కొట్టుకుని, తిట్టుకుని, చివరికి ఒప్పుకున్న పద్ధతి ఇదీ: జెర్మానో తెచ్చిన టెక్సాస్ షాపుల భవనాలు రెండు, తన తోట ఒకటి. మూడూ రాసి పంపడం, ఏది కొనాలో తర్వాత తేల్చుకోవడం. మొదటి గీతలో లబ్బక్ భవనం. రెండో గీతలో అబిలీన్ భవనం. మూడో గీతలో ఆవిలా తోట, సర్వే నంబరు చివర సున్నా పద్నాలుగు.

ఆ పక్కన ఇంకేమీ లేదు.

ఒడీలియా మళ్లీ చూసింది. వెనక్కి తిప్పి చూసింది. వెనక ఖాళీ.

ఆవిలా తోట అని ఊరంతా ఒక్క పేరుతోనే పిలుస్తుంది. మధ్యలో కంచె లేదు, గట్టు లేదు, చెట్ల వరసలు అటునుంచి ఇటు ఏకంగా సాగిపోతాయి. కాని కాగితం మీద అది ఒకటి కాదు, రెండు. ఎప్పుడో ముసలి ఆవిలా, కొడుక్కి ఇల్లు కట్టిస్తానని మూలనున్న రెండెకరాలకి వేరే నంబరు చేయించాడు. ఇల్లు లేవలేదు. ఆ రెండెకరాల్లో బోరు పడింది. తోట మొత్తానికి నీళ్లు అక్కడినుంచే. చెట్లున్న ముప్ఫై ఎనిమిది ఎకరాలూ సున్నా పద్నాలుగు. బోరున్న రెండెకరాలూ సున్నా పదిహేను. ఏటేటా నీళ్ల లెక్క దాఖలు చేసేటప్పుడు రెండు నంబర్లూ తన చేత్తోనే రాస్తుంది. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

కాగితం పట్టుకుని పెరటి వరండాలోకి వెళ్లింది. జెర్మానో మెట్ల మీద కూర్చుని, ఉప్పునీళ్లలో నానేసిన లుపిను గింజలు ఒక్కొక్కటే నోట్లో నొక్కుకుంటూ, తొక్కలు అమ్మ గులాబీ మొక్కల్లోకి ఊస్తున్నాడు.

"అన్నయ్యా, పదిహేనో నంబరేదీ?"

"ఏ పదిహేను?"

"నా దగ్గర నాటకాలాడకు. బోరున్న రెండెకరాలు."

"మూడే రాయాలి కదే. అది కూడా రాస్తే నాలుగవుతాయి."

"అయితే టెక్సాస్‌ది ఒకటి కొట్టెయ్."

"కుదరదు."

"కుదరదా! బోరు లేని అక్రోటు తోట నేనేం చేసుకోను? ముప్ఫై ఎనిమిది ఎకరాల కట్టెలు! జూన్ ఎండల్లో మూడు వారాలు నీళ్లాపితే చాలు, కాయ నల్లబడి రాలిపోతుంది. నీకు తెలియదా? మనం పుట్టింది ఈ ఊళ్లో కాదా?"

"తెలుసు కాబట్టే," అన్నాడు జెర్మానో.

ఆ మాట తీరు ఒడీలియాకి నచ్చలేదు. మెట్టు దిగి అతని ఎదురుగా నిలబడింది.

"తెలుసు కాబట్టే ఏమిటి?"

"దాన్ని రాసినా లాభం లేదులే. ఆ రెండెకరాలు ఆవిలావాళ్లు అమ్మరు."

"ఎందుకమ్మరు? పోయిన నెల రెండూ కలిపే చెప్పారు ధర!"

"పోయిన నెల చెప్పారు. పోయిన మంగళవారం అమ్మేశారు."

"ఎవరికి?"

జెర్మానో ఇంకో గింజ నోట్లో వేసుకుని, తీరిగ్గా తొక్క ఊసి, "నాకు," అన్నాడు.

అవతల వీధిలో ఎవరో బండి కడుగుతున్నారు. ఒడీలియాకి నీళ్ల చప్పుడైతే వినపడుతోంది గాని అన్న నోరు కదలడం మాత్రమే కనపడుతోంది.

"...అగ్రిమెంటు అయిపోయింది. రిజిస్ట్రేషను వచ్చే నెల," అంటున్నాడు. "అమ్మచేత నా దగ్గర కొనిపిద్దామని చూడకు. తల్లి కొడుకు దగ్గర కొంటే భూమికి భూమి మార్పిడి కింద లెక్కెయ్యరు, పన్ను వాయిదా పడదు. సొంతవాళ్ల మధ్య చెల్లదు. అడిగి మరీ తెలుసుకున్నాను."

"ఎందుకు చేశావు?"

"ఎందుకా? గోదాములవాళ్లని తెచ్చిందెవరు? రెండేళ్లు వాళ్ల చుట్టూ తిరిగి ఎకరానికి యాభై వేల పైన పలికించిందెవరు? నువ్వా? టెక్సాస్ భవనాలు కొంటే నెల తిరిగేసరికి అద్దె చేతిలో పడుతుంది. అమ్మకి, నీకు, నాకు. నీ తోట కొంటే నీకు తోట. నాకేం వస్తుంది, రాలిన ఆకులా? అక్రోటు ధర నాలుగేళ్లుగా నేల చూస్తోంది. అయినా నీకు అదే కావాలి. నువ్వు అమ్మ పక్కనుంటావు, పులుసు కాస్తావు, చర్చికి తీసుకెళ్తావు. నీ మాటే వేదం. నేను ఆదివారాలు వచ్చి పోయే చుట్టాన్ని!"

"అందుకని నా గొంతు పట్టుకుంటావా?"

"పట్టుకోను. నీళ్లు కావాలంటే వచ్చి అడుగు. అన్ననేగా."

ఒడీలియా గింజల గిన్నెను కాలితో తన్నింది. గింజలు, ఉప్పునీళ్లు అతని తెల్ల ప్యాంటు మీద పడ్డాయి. జెర్మానో బూతు మాట అంటూ లేచాడు. ఆమె అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.

కుట్టు గది తలుపు తట్టింది. "అమ్మా, నేనే. ఒక్కమాట."

గొళ్లెం తీసిన చప్పుడయింది. గదినిండా ఎర్ర ముఖమల్ పరిచి ఉంది. వచ్చే ఆదివారం పండగ ఊరేగింపులో రాణి వేషం కట్టే పిల్ల భుజాల నుంచి వెనకాల నేలమీద జీరాడే పొడుగు వస్త్రం. మూడు నెలలుగా డెయోలిండా దానిమీద పూసలు కుడుతోంది. నడిమధ్యన తెల్లపూసల పావురం. పరిశుద్ధాత్మ పావురం.

"అమ్మా, అన్నయ్య ఏం చేశాడో తెలుసా..."

"ఆగు. ముందు నేనడుగుతాను." డెయోలిండా సూదిలో దారం ఎక్కిస్తూనే ఉంది, తలెత్తలేదు. "వాడి సంగతి నాకు తెలుసు. వాడు పదేళ్లప్పుడే చెల్లెలి బొమ్మను పక్కింటివాళ్లకి అమ్మాడు. నేనడిగేది నీ సంగతి. ఈ చావు లెక్క నీకు ముందే తెలుసా?"

ఒడీలియాకి తెలుసు. ఫిబ్రవరి నుంచీ తెలుసు. అన్న ఫోనులో చెప్పాడు, తను విన్నది, జవాబు కూడా రాసింది. ఇప్పుడు అవునంటే అమ్మ సంతకం పెట్టదు. సంతకం లేకపోతే తోట లేదు. ఎనిమిది వందల చెట్లు తన చేతులతో అంటు కట్టినవి. ఒక్కోదాని వంపు తెలుసు తనకి.

"తెలియదమ్మా," అంది.

"ఈ పావురం మీద చెయ్యేసి చెప్పు."

పూసలు చల్లగా తగిలాయి. "తెలియదు," అంది ఒడీలియా రెండోసారి.

డెయోలిండా దారం తెంపింది. కూతురి భుజం పట్టుకుని లేచింది. ఆ పట్టులో బరువంతా తనమీద వేసిందని ఒడీలియాకి తెలిసింది. ఇంత సిగ్గు తను జన్మలో ఎరగదు.

"ఇప్పుడు చెప్పు. ఏం చేశాడు వాడు?"

చెప్పింది. వంటింట్లోకి నడుస్తూ పద్నాలుగు, పదిహేను, బోరు, మంగళవారం, అన్నీ చెప్పింది. జెర్మానో తడి ప్యాంటుతో బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. డెయోలిండా వాడివైపు చూసి చెయ్యి చాపింది.

"ఇంకో పెన్ను ఉందా?"

"ఇదీ పులుసులోకేనా?"

"ఇవ్వరా."

ఇచ్చాడు. డెయోలిండా కూర్చుంది. కళ్లజోడు సర్దుకుంది. టెక్సాస్ రెండు గీతల మీదా అడ్డంగా కొట్టేసి, పక్కన తన పొడి అక్షరాలు వేసింది. మూడో గీత కింద, కూతురు అంకె అంకె చెబుతుంటే బోరు నంబరు రాసింది. ఆపైన సంతకం పెట్టింది. డెయోలిండా బెటెన్‌కూర్. నిదానంగా, ఒక్క అక్షరం కూడా వణక్కుండా.

ఒడీలియా గోడకి ఆనుకుంది.

"బాగుంది. బోరు నాది. అమ్మ రాసినంత మాత్రాన అది ఆమెదవదు," అన్నాడు జెర్మానో.

"రిజిస్ట్రేషను కాలేదుగా. రేపు ఆవిలావాళ్లకి ఫోను చేసి వద్దని చెబుతావు."

"చెప్పను."

"చెబుతావు. చెప్పకపోతే, నేను చచ్చాక ఆ పన్ను లేని ఆస్తి నీకు రానివ్వను. రేపే వకీలు దగ్గరికి పోతాను. ఉన్నదంతా హాలుకి రాసేస్తాను, ఏటా వంద ఆవులు కోయించుకోమని. ఇది వ్యాపారమేగా? నీకు అర్థమవుతుంది." డెయోలిండా కూతురివైపు తల తిప్పింది. "ఇది ఒక్కతే నయం. దీనికి ఈ లెక్కలేవీ తెలియవు. పావురం మీద ఒట్టేసి చెప్పింది."

జెర్మానో చెల్లెలివైపు చూశాడు. ఒడీలియా కళ్లు దించుకుంది. అతను నవ్వాడు. నవ్వుతూనే జేబులోంచి ఫోను తీశాడు.

"ఒట్టేసిందా?" అన్నాడు.

"అన్నయ్యా, వద్దు."

"పావురం మీద కూడానా! ఆహా!"

"అన్నయ్యా, నీ కాళ్లు పట్టుకుంటాను."

"ఇందాక నా గింజలు తన్నిన కాళ్లు ఎవరివే?" వేలితో ఫోను మీద పైకి తోస్తూ పోయాడు. "ఇదిగో, దొరికింది. వినమ్మా. నీ కూతురు నాకు రాసింది. 'అయితే సరే. తోట ఒక్కసారి అమ్మ పేర పడితే చాలు. ఆవిడ తర్వాత పైసా పన్ను లేకుండా మనదే. అప్పటిదాకా ఆవిణ్ని కాస్త మంచి చేసుకుంటూ ఉంటే సరి.'"

పొయ్యి మీద మూత టకటకా కొట్టుకుంటోంది. ఎవరూ దాన్ని తియ్యలేదు.

"అమ్మా, అది..." అంది ఒడీలియా.

"ఎప్పుడు రాసింది?" డెయోలిండా కొడుకునే అడిగింది.

"ఫిబ్రవరి పద్నాలుగు."

"పద్నాలుగు." ఆమె పెన్ను బల్ల మీద పెట్టింది. "ఆ రోజు నాకు నిమ్మకాయ కేకు తెచ్చింది. తోట పని మానుకుని రోజంతా నా దగ్గరే కూర్చుంది. కాలి గోళ్లు తీసింది. ఇంత మంచి కూతురు ఎవరికి ఉంటుందని ఆ రాత్రి నేను జపమాల ఇంకో చుట్టు తిప్పాను."

ఆ కేకు ఒడీలియా ఊరికే తెచ్చింది. తేవాలనిపించి తెచ్చింది. అలా అని గట్టిగా చెబుదామనుకుంది. కాని ఆ రోజు పొద్దున్న రాసిన మాటలూ, ఆ తర్వాత తెచ్చిన కేకూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏది దేనికోసమో ఆమెకే తెలియలేదు.

డెయోలిండా సంతకం పెట్టిన కాగితాన్ని మధ్యకి మడిచింది. మళ్లీ మడిచింది. ఆప్రాన్ జేబులో పెట్టుకుంది. ఒడీలియా చెయ్యి దానంతటదే ముందుకి వెళ్లి, మధ్యలో ఆగిపోయింది.

"టైమెంతయింది?"

"నాలుగూ పది," అన్నాడు జెర్మానో.

"పన్నెండుదాకా ఉంది కదూ?"

"అమ్మా, చింపేస్తావా, పంపిస్తావా? ఏదో ఒకటి తేల్చు," అన్నాడు జెర్మానో. ఇప్పుడతని గొంతులో కూడా బెదురు వచ్చింది. ఆ కాగితం పోతే ఆరున్నర లక్షలు పోయినట్టే. అందులో మూడో వంతు తనదేనని అతను ఎప్పుడో అనుకున్నాడు.

"నాలుగేళ్లో ఏడేళ్లో కాచుకునేవాళ్లు, ఎనిమిది గంటలు కాచుకోలేరా? కూర్చోండి. పొద్దుట నుంచి ఎవరూ ఏమీ తినలేదు."

కూర్చోమన్న తీరుకి ఇద్దరూ కూర్చున్నారు. డెయోలిండా రెండు గిన్నెల్లో రొట్టె ముక్కలు పరిచింది. పుదీనా రెమ్మలు పెట్టింది. మూత తీసి గరిటెతో పులుసు పోసింది. పులుసు మీద అక్కడక్కడా నీలం చారలు తేలుతున్నాయి. తనకి మాత్రం గిన్నె పెట్టుకోలేదు.

ఫోను మోగింది. డెయోలిండా తీసింది.

"లొరేనా? ఇక్కడ ఇంకా ఎవరూ చావలేదమ్మా. తర్వాత చెయ్యి," అని పెట్టేసింది.

జెర్మానో గిన్నెను పక్కకి తోశాడు. "నేను తినను. ఇది సిరా."

"నీ పెన్నేగా," అంది డెయోలిండా. తర్వాత కూతురివైపు చూస్తూ నిలబడింది.

ఒడీలియా చెంచా తీసుకుంది. నీలం చార ఉన్న చోటే ముంచింది. కళ్లలోంచి నీళ్లు గిన్నెలో పడుతున్నాయి. రొట్టెముక్క, మాంసం, పులుసు, అంతా కలిపి నోట్లో పెట్టుకుంది. నోరంతా చేదు. ఆప్రాన్ జేబులోంచి కాగితం మూల ఒకటి బయటికి కనపడుతోంది.

డెయోలిండా ముందుకి వంగి, నెమ్మదిగా అడిగింది.

"ఇది కూడా నన్ను మంచి చేసుకోవడానికేనా?"